రెప్ప కొట్టొద్దు పాపా

గంట పడుతుంది, బ్యాటరీ బొత్తిగా చచ్చిపోయి ఉంది, కూర్చోండి మేడం, అన్నాడు కెమెరాల షాపు జ్ఞానేశ్వర్. ఛార్జరు ప్లగ్గులో గుచ్చి, ఎర్రలైటు వెలిగిందో లేదో వంగి చూసుకుని కౌంటరు వెనక్కి వెళ్ళాడు. గంటంటే మూడవుతుంది. కర్నూలులో మే నెల ఎండ మూడింటికి తగ్గిందని చెప్పిన మనిషిని నేనింతవరకు చూడలేదు, అయినా డాక్టరు మూడు దాకా అమ్మను బయట తిప్పొద్దన్నాడు. ఆసుపత్రి మెట్లు దిగి రోడ్డు దాటితే ఈ షాపు, లోపల ఏసీ, రెండు కుర్చీలు. అమ్మ గోడవైపు కుర్చీలో కూర్చుంది, వాళ్ళిచ్చిన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఒళ్ళో చుక్కలమందు సంచి పట్టుకుని. ఎడమకన్ను నీటికాసులతో ఎప్పుడో పోయింది. కుడికంటి పొర నిన్న తీశారు, ఈ పొద్దున కట్టు విప్పారు. విప్పి, ఏం కనబడుతోందమ్మా అని డాక్టరు అడిగితే, నీ చొక్కాకు రెండో గుండీ లేదు నాయనా అంది. నర్సులు నవ్వారు, డాక్టరు నవ్వాడు, నేనూ నవ్వాను. నవ్వుతుండగానే ఇల్లు గుర్తొచ్చింది. గుండీ కనబడిన కంటికి ఇంట్లో పటం కనబడకుండా ఉంటుందా.

పటమంటే అక్క పటం. శివజ్యోతి, నాకంటే రెండేళ్ళు పెద్ద, తొమ్మిదో ఏట మెదడువాపు జ్వరంతో పోయింది. అప్పటి నుంచి నలభై ఏళ్ళుగా ఆ పటం అమ్మ ఎక్కడుంటే అక్కడ ఉంది, కోసిగి దగ్గర మా ఊళ్ళో దూలం కింద ఉంది, నాన్న పోయి అమ్మ నా దగ్గరికి వచ్చాక కర్నూలులో మా హాల్లో టీవీకి పైన ఉంది. ఆ పటంలో ఇప్పుడు మొహం లేదు. ఎప్పుడు పోయిందంటే చెప్పలేను, ఒక్కరోజులో పోయింది కాదు. ముందు జడల చివర్లు, తర్వాత చెవులు, తర్వాత బుగ్గలు, గడ్డం, అలా తెల్లబడుతూ వచ్చింది. నేను పాఠాలు చెప్పే స్కూల్లోనే కెమిస్ట్రీ చెప్పే దావీదురాజు సారు దాన్ని కిటికీ దగ్గర పెట్టి అటూ ఇటూ వంచి చూసి, కడిగినవాడు తొందరపడ్డాడమ్మా, మందు పూర్తిగా కడగలేదు, అది లోపల్నుంచి తింటూ వచ్చింది అన్నాడు. కానీ కళ్ళు ఉన్నాయి. కళ్ళు ఫోటోవి కావు, కుంచెతో గీసినవి, సిరా చెక్కుచెదరలేదు. అంటే మా హాల్లో ఒక తెల్లకాగితం, దాని మధ్యలో రెండు నల్లటి కళ్ళు, వాటి పైన అద్దం మీద అమ్మ ప్రతి శుక్రవారం తడిమి తడిమి పెట్టే బొట్టు. అటు మొహం పోతున్న ఏళ్ళలోనే ఇటు అమ్మకు పొర కమ్ముతూ వచ్చింది, రెండూ కూడబలుక్కున్నట్టు. అమ్మకు తెలియదు. సాయంత్రం ఆటో దిగుతుంది, చెప్పులు విడుస్తుంది, తలెత్తుతుంది. అంతలోపల నేను చెప్పాలి. చెప్పడానికి నాకు గంట టైముంది, ఆ గంటలో నేను కెమెరా కొంటున్నాను. పిరికిదాన్ని, ఒప్పుకుంటాను.

రెండేళ్ళుగా కొంటూనే ఉన్నాను లెండి. పెళ్ళిచూపులు రెండేళ్ళు నడిపినదాన్ని నేనొక్కదాన్నేనేమో. యూట్యూబులో కెమెరా వీడియో పెడితే చివరిదాకా చూడకుండా లేవను, సెన్సారు సైజులు తెలుసు, ఏ లెన్సుకు ఎంత వెలుతురు కావాలో తెలుసు, మెగాపిక్సెల్ ఎక్కువుంటే గొప్పేం కాదని కొత్తగా చేరిన సార్లకు క్లాసు పీకుతాను. చేత్తో పట్టుకున్నది మాత్రం ఒక్కటీ లేదు. మా ఆయన శివశంకర్, ఈతరాని గజఈతగాడు అని పేరు పెట్టాడు. ఎందుకే నీకు కెమెరా అంటే, హాబీ అన్నాను. రోళ్ళపాడులో పక్షులున్నాయి, ఓర్వకల్లులో రాళ్ళున్నాయి, రిటైరయ్యేలోపు మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండాలి కదా అన్నాను. పక్షులూ లేవు, రాళ్ళూ లేవు. దావీదురాజు సారు ఆరోజు ఇంకో మాట అన్నాడు, కంటికి కనబడకపోయినా కాగితంలో నీడ ఎక్కడో మిగిలే ఉంటుందమ్మా, మంచి కెమెరాతో పక్కనుంచి వెలుతురు పెట్టి తీస్తే తేలొచ్చు అని. తేలొచ్చు అన్నాడు, తేలుతుందనలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని రెండేళ్ళు వేలాడాను. ఎందుకంటే కొంటే తీయాలి, తీస్తే తేలకపోవచ్చు, తేలకపోతే అక్క నిజంగా లేదు. కొనకుండా ఉన్నన్నాళ్ళూ ఆ నీడ కాగితంలో ఉన్నట్టే.

ఫోనుతో తీయలేదా అంటే, తీసింది మా అమ్మాయి శిల్ప. నాకు సాయం చేద్దామనే తీసింది పిల్ల. పటానికి ఎదురుగా ఫోను పెట్టి, తీసి, అందులో ఏదో యాప్‌లో వేసింది, పాతఫోటోలను బాగుచేస్తుందట. అది రెండు కళ్ళను చూసింది, చుట్టూ ఖాళీ చూసింది, ఖాళీ ఉంటే దానికి ఊరుకోబుద్ధి కాలేదు. ఒక మొహం చేసిపెట్టింది. తెల్లటి నున్నటి పిల్ల, బూరెల్లాంటి బుగ్గలు, సబ్బు ప్రకటనలో పిల్లలా నవ్వుతోంది. అమ్మా ఇది చూడు అని శిల్ప ఇంకేదో నొక్కింది, ఆ పిల్ల తల కొంచెం వంచి, రెప్ప కొట్టింది. నలభై ఏళ్ళలో ఆ కళ్ళు రెప్ప కొట్టడం అదే మొదటిసారి. ఫోను నా చేతిలోంచి జారింది. రెండు రోజులు అన్నం సహించలేదు. ఎవరో తెలియని పిల్ల మొహంలో ఆ కళ్ళు, అవి అలవాటుగా, ఏమీ ఎరగనట్టుగా మూసుకుని తెరుచుకోవడం ఇప్పటికీ తలుచుకుంటే వీపు మీద చెమట పడుతుంది. అప్పుడు అనుకున్నాను, తనంతట తాను ఏదీ కలపని కెమెరా కావాలి, ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు చూపించేది. అదే మాట ఇందాక వచ్చీరాగానే జ్ఞానేశ్వర్‌తో అంటే, అతను వేదాంతం విన్నట్టు మొహం పెట్టాడు.

"ఇది చూడండి మేడం, అందరూ ఇదే తీసుకుంటాండారు," అని అరచేతిలో పట్టే కొత్త కెమెరా ముందు పెట్టాడు. కన్ను పెట్టి చూసే కంత లేదు, వెనకాల తెర ఒక్కటే, ఆ తెర తిప్పితే తీసేవాళ్ళకు వాళ్ళ మొహమే కనబడుతుంది. "మనిషి కండ్లు యాడుంటే ఆడికి అదే పోతాది, కండ్లను పట్టుకుంటే ఇడిసిపెట్టదు." తెర నా వైపు తిప్పాడు. తెరలో నేను, నా కళ్ళ చుట్టూ పచ్చటి చదరాలు రెండు. నేను తల తిప్పాను, చదరాలు వెంట వచ్చాయి. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, చెయ్యి తీయగానే మళ్ళీ వచ్చి కూర్చున్నాయి. వద్దప్పా, ఇది వద్దు, అని తెరను అతని వైపు తిప్పేశాను. అతను ఏమనుకున్నాడో, పైన అల్మారాలోంచి ఒక పాతది దించాడు, నల్లటిది, బరువైనది, అంచుల్లో రంగు లేచిపోయింది, నంద్యాల పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు ఒకాయన కొత్తది కొనుక్కుని దీన్ని ఇచ్చేసి వెళ్ళాడట. దీనికి కంత ఉంది. కన్ను ఆనించి చూస్తే బ్యాటరీ లేకపోయినా షాపంతా కనబడింది, కౌంటరు, దాని కింద గడ్డిలో మాగుతున్న బనగానపల్లె కాయల తట్ట, గోడకు జ్ఞానేశ్వర్ వాళ్ళ నాన్న కేశవయ్య గారి ఫోటో, దండ, మిణుకుమనే చిన్న బల్బు. ఉన్నది ఉన్నట్టు. చదరాల్లేవు. దీన్ని పరీక్షించి చూడాలంటే బ్యాటరీ ఎక్కాలి. అందుకు ఈ గంట.

రెండుంబావు. మాగిన కాయల వాసన షాపంతా కమ్ముకుంటోంది. అక్కకు మామిడికాయ ఇష్టమా. గుర్తు లేదు. అక్క గొంతు గుర్తు లేదు, నడక గుర్తు లేదు, నా జుట్టు పట్టుకుని లాగిందని మా అవ్వ చెప్తే విన్నాను కానీ ఆ నొప్పి గుర్తు లేదు. గుర్తున్నది కుర్చీ. చనిపోయినవాళ్ళకు ఫోటో లేకపోతే ఆదోని నుంచి ఫోటో ఆయన్ను పిలిపించేవాళ్ళు అప్పట్లో, శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ ఇంటివాళ్ళు నిలబడి తీయించుకునేవాళ్ళు, అదేమంత వింత కాదు మా వైపు. అక్కకు ఫోటో లేదు. తొమ్మిదేళ్ళ పిల్లకు ఫోటో ఎవరు తీయిస్తారు, ఇంకా ఎంత బతుకు ఉందని. మధ్యాహ్నం ప్యాసింజరులో ప్రకాశం వచ్చాడు, స్టూడియో ఆయన, భుజానికి పెట్టె, చేతిలో మూడుకాళ్ళ కర్ర. మా నాన్న కూర్చునే చేతుల కుర్చీలో అక్కను కూర్చోబెట్టారు. తల నిలవలేదు. కుర్చీ వెనక దుప్పటి కప్పుకుని మా చిన్నాన్న దాక్కుని, దుప్పటిలోంచే తల పట్టుకున్నాడు. నన్ను పక్కన నిలబెట్టి అక్క చెయ్యి పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. చల్లగా ఉందని అనలేదు, చల్లగా ఉందని అంటే అందరూ ఏడుస్తారని నాకెలా తెలిసిందో తెలిసింది. కళ్ళు మూసుకునే ఉంది కదా, పటానికి ఎట్లప్పా అని అవ్వ అడిగింది. నేను చూసుకుంటా పెద్దమ్మా, కండ్లు నేను పెడతా, అన్నాడు ప్రకాశం, అదేదో తలుపుకు గడియ పెట్టినంత మామూలుగా.

పదకొండో రోజు దాటాక అమ్మ నన్ను ఆదోని తీసుకెళ్ళింది. రైల్లో నాకు కిటికీ పక్కన సీటు ఇచ్చింది, అది అక్క సీటు. స్టూడియోలో కొండలూ కొలనూ గీసిన గుడ్డ ముందు ముక్కాలిపీట వేసి కూర్చోబెట్టారు. ఒక తోబుట్టువు కళ్ళు చూసి గీస్తే సరిగ్గా అతుకుతాయని ప్రకాశమే చెప్పాడట, ఊరికే గీస్తే బొమ్మ కళ్ళవుతాయి అన్నాడట. రెండు దీపాలు, ఒక్కొక్కటి చెంబంత, నా మొహం మీదికి తిప్పాడు. "రెప్ప కొట్టొద్దు పాపా. నేను సాలు అనేదంక కొట్టొద్దు," అన్నాడు. నేను తెరిచాను. అంతలో కరెంటు పోయింది. అతను తిట్టుకుంటూ బయటికి వెళ్ళాడు, ఎవరినో పిలుస్తున్నాడు, బీడీ వాసన వచ్చింది, చీకట్లో నేను కళ్ళు తెరిచే ఉన్నాను, ఎందుకంటే చాలు అనలేదు. మండాయి. నీళ్ళు కారాయి. అమ్మ గుమ్మం పక్కనే, బయటి నుంచి వచ్చే సన్నటి వెలుతురులో నిలబడి ఉంది, ఆమె గాజులు చప్పుడు చేస్తే వినబడింది. చాలు అని అమ్మ అంటుందేమో అని చూశాను. కరెంటు వచ్చింది, అతను పరిగెత్తుకొచ్చాడు, టక్‌మంది, అబ్బ ఎంత బాగొచ్చింది నీటి మెరుపు అని పెట్టె వెనక నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి మా అమ్మతో మాట్లాడాడు, పటం సైజు, ఫ్రేము, ఎప్పుడు రావాలి. చాలు అని మాత్రం అనలేదు. ఎవరూ అనలేదు. నేను ముక్కాలిపీట దిగి ఎప్పుడు రెప్ప కొట్టానో నాకు తెలియదు, కొట్టే ఉంటాను, లేకపోతే ఇంతకాలం ఎలా బతుకుతాను.

పటం వచ్చింది. అక్క మొహంలో నా కళ్ళు. అచ్చం నావే, ఆ నీటి మెరుపుతో సహా, ఒక్కో కంట్లో ఒక్కో తెల్లచుక్క పెట్టాడు. ఇంట్లో అందరూ శివజ్యోతి లేచొచ్చినట్టుంది అని ఏడ్చారు. ఏడేళ్ళ నేను దూలం కింద నిలబడి పైకి చూస్తే అక్కడి నుంచి నన్ను నేనే చూస్తున్నాను. వంటింట్లోకి వెళ్తే చూస్తుంది, వాకిట్లోకి వెళ్తే చూస్తుంది, నేను పెద్దదాన్నవుతున్నాను, అది అక్కడే ఉంది, చాలు అనేదాకా రెప్ప కొట్టకుండా. అప్పటి నుంచి అమ్మ నా కళ్ళలోకి చూడలేదు. ఇది నేను కల్పించుకున్నది కాదు. జడ వెనకనుంచి వేస్తుంది, అన్నం పెడితే కంచం వైపు చూస్తుంది, మాట్లాడితే నా భుజం మీదుగా ఆ పటం వైపు చూస్తూ మాట్లాడుతుంది. నా పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా నా చెవి కమ్మల వైపు చూసి ఏడ్చింది. కావలసిన కళ్ళు గోడ మీద ఉన్నాయి, మిగిలిన పిల్ల కింద తిరుగుతోంది, అని పదేళ్ళ వయసులో ఒకసారి అనిపించింది, ఆ తర్వాత ఎన్నిసార్లు అనిపించిందో లెక్క లేదు. అవ్వకు ఏదో అనుమానం వచ్చి అంకాళమ్మకు వెండికళ్ళు చేయించి ఇచ్చింది, ఇచ్చిన కళ్ళు పిల్లకు మళ్ళీ రావాలని. అవి ఎవరికి చేరాయో. కెమెరా ఏదైనా నా వైపు తిరిగితే చాలు, నా రెప్పలు పడిపోతాయి. పెళ్ళి ఆల్బం నిండా నిద్రపోతున్న పెళ్ళికూతురే, తాళి కడుతుంటే నిద్ర, తలంబ్రాలు పోస్తుంటే నిద్ర, మా ఆయన అందరికీ చూపించి నవ్విస్తాడు. నేనూ నవ్వుతాను. కానీ ఆధార్ సెంటరులో ఆ కుర్రవాడు కళ్ళ మిషను నా మొహానికి ఆనించి, రెప్ప కొట్టకండి మేడం అన్నాడు. అంతే. నలభై మంది లైనులో ఉండగా నేను వెక్కివెక్కి ఏడ్చాను.

రెండున్నర దాటింది. ఎర్రలైటు ఇంకా ఎర్రగానే ఉంది. అమ్మ కదలకుండా కూర్చుంది, నిద్రపోతోందేమో తెలియదు, నల్లద్దాల వెనక ఏముందో ఎవరికి తెలుసు. చెప్పు, ఇప్పుడు చెప్పు, మా అని పిలిచి పటం పాడైపోయింది అను, అంతే కదా, రెండు మాటలు. పిల్లలకు ఏడాదికొకసారి కన్ను పాఠం చెప్తాను, కంటిలో పడే బొమ్మ తలకిందులుగా పడుతుందిరా, దాన్ని మెదడు నిలబెట్టుకుంటుంది అని, ఎంత ధైర్యంగా చెప్తానో. సంచిలోంచి ఫోను తీసి శిల్పకు మెసేజ్ పెట్టాను, పటం తీసి బీరువాలో పెట్టెయ్, అవ్వ వచ్చేలోపు. రెండు నిమిషాలకు ఫోటో వచ్చింది. తీసేసిన చోట గోడ మీద పాతరంగు, చక్కగా గీత గీసినట్టు నాలుగు మూలలు, పైన మేకు. కింద సోఫా మీద పటం ఆనించి ఉంది. ఆ తెల్లకాగితంలోంచి ఫోనులోకి, ఫోనులోంచి షాపులోకి ఆ కళ్ళు చూస్తున్నాయి, ఆ నీటిచుక్కతో, ఇంకెంతసేపు అన్నట్టు. కింద శిల్ప రాసింది, పటం ఎక్కడ అని అవ్వ అడిగితే ఏం చెప్పాలి? నిజమే, ఏం చెప్పాలి. పడి పగిలిందనాలా. రిపేరుకు ఇచ్చామనాలా. అమ్మకు పొర తీయించింది నేనే, చూపు రాగానే దాచేసేదీ నేనేనా. నాకు నా మీదే అసహ్యం వేసింది. మళ్ళీ తగిలించు, అని రాశాను. సరే, అని వచ్చింది.

"అయిపోయింది మేడం, పచ్చలైటొచ్చె," అని జ్ఞానేశ్వర్ బ్యాటరీ తీసి కెమెరా అడుగున తోసి మూత వేశాడు. మూడుకు ఇంకా పావుగంట ఉంది, గంటన్నాడు, ముప్పావుకే అయింది, ఈసారికి త్వరగా అయినందుకు కోపం వచ్చింది. ఎలా పట్టుకోవాలో చూపించాడు, ఎడమచెయ్యి లెన్సు కింద, మోచేతులు పక్కలకు. సగం నొక్కితే పట్టుకుంటుంది, పూర్తిగా నొక్కితే తీస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు, వీడియోల్లో వందసార్లు విన్నాను, కానీ తర్వాత అతను చెప్పింది ఎప్పుడూ పట్టించుకోలేదు. "ఒకటి మాత్రం యాదిలో పెట్టుకోండి మేడం. దీంట్లో అద్దముంటాది. నొక్కినప్పుడు అద్దం పైకి లేస్తాది, ఆ సెకను మీకు ఏమీ కనపడదు, చీకటైతాది. అది రెప్ప కొట్టినట్ల. రెప్ప కొడితేనే ఫోటో పడేది. కొత్తవాళ్ళు పాడైపోయిందని భయపడి వస్తాంటారు." నేను మళ్ళీ అడిగాను, కొట్టకుండా తీయదా అని. "యాడ తీస్తాది మేడం, అది కొట్టల్ల, కొట్టకుంటే ఫోటోనే లేదు," అని నవ్వాడు. నాకు ఆ బరువైన పాత పెట్టె మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఒకటి తీసి చూడండి అన్నాడు. ఎవరిని తీయాలి అని చుట్టూ చూశాను. చూడటానికేముంది, ఉన్నది ఒక్కరే.

"మా, నిన్నొక ఫోటో తీస్తా." అమ్మ ఎప్పుడూ ఒప్పుకోదు. మనవరాలి పుట్టినరోజుకు కూడా గోడవైపు తిరుగుతుంది. ఇప్పుడు కెమెరా వైపు తల తిప్పింది. తర్వాత, "దాన్ని మొగానికి అడ్డం పెట్టుకుంటావా నువ్వు?" అంది. ఊఁ అన్నాను. "నీ మొగం కనపడదా?" కనపడదు మా అన్నాను. "అట్లయితే తీ," అంది, రెండు చేతులతో నల్లకళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అయ్యో అవ్వా, తీయొద్దు, దుమ్ము పడుతుంది అన్నాడు జ్ఞానేశ్వర్. ఆమె అతన్ని లెక్క చేయలేదు. నేను కంతకు కన్ను ఆనించాను. ముందు మసక, సగం నొక్కితే లోపల గిర్రుమని తిరిగి అమ్మ మొహం తేరుకుంది. ఎడమకన్ను పాలరంగు. కుడికన్ను ఎర్రగా, తడిగా, కొత్తగా, సూటిగా నా వైపు చూస్తోంది. కంచం వైపు కాదు, కమ్మల వైపు కాదు. ఏడేళ్ళ వయసు నుంచి నేను ఈ చూపు కోసం ఆ ఇంట్లో తిరిగాను. వేలు నొక్కడం లేదు. నొక్కితే చీకటవుతుంది, ఈ చూపు పోతుంది, నేను కన్ను ఆర్పకుండా అలాగే ఉన్నాను, మండుతోంది, నీళ్ళు కెమెరా రబ్బరు మీదుగా కారి బుగ్గ మీద పడుతున్నాయి. అప్పుడే, మొహానికి కెమెరా అడ్డం ఉంది కాబట్టే, నోరొచ్చింది.

"మా, ఇంట్లో పటం పోయింది. అక్క మొహం కనపడదు ఇంక. తెల్లగా అయిపోయింది. నీకు చెప్పలే."

"నాకు తెల్దనుకుంటివా," అంది అమ్మ, చూపు తిప్పకుండా. "నా కన్ను పోకముందు నుంచే పోతాండె అది. పోతే పోనీలే అనుకుంటి. కండ్లుండాయి గదా. నేను చూసేది ఆ కండ్లనే."

"అవి అక్కవి కావు మా."

"నీవే. నాకు తెల్దా, నేను కన్న కండ్లు. దాని కండ్లు తేనె రంగు, ఇట్ల నల్లగ యాడుంటాయి." కౌంటరు దగ్గర జ్ఞానేశ్వర్ ఏదో పని ఉన్నట్టు అటు తిరిగాడు. "ఆ పొద్దు కరెంటు పాయె. వాడు బయటికి పాయె. నువ్వు నీళ్ళు కార్చుకుంటా నా దిక్కు చూస్తివి. సాలు అని నేనన్నా అనల్ల గదా, అనలేదు. అంటే కండ్లు సరిగ్గ రావేమో, నా బిడ్డ పటం చెడిపోతాదేమో అని నోరు మూసుకుంటి. సచ్చినదాని కోసరం బతికినదాన్ని ఏడిపిస్తి. ఇంగ ఏ మొగం పెట్టుకుని నిన్ను చూద్దును. పటంలో నువ్వయితే నన్నేమీ అడగవు. అందుకే దాన్నే చూస్తాంటి."

తేనె రంగు. నలభై ఏళ్ళ తర్వాత అక్కది అంటూ ఒకటి దొరికింది నాకు, ఏ కెమెరా తేల్చలేనిది. కెమెరా వణుకుతోంది, మోచేతులు పక్కలకు ఆనించమన్నాడు, ఆనించాను, అయినా వణుకుతోంది. అమ్మ కొంచెం ముందుకు వంగింది. నా మొహం ఆమెకు కనబడదు, నా కన్ను ఏ స్థితిలో ఉందో ఆమెకు తెలిసే దారి లేదు.

"సాలు పాపా," అంది. "ఇంగ రెప్ప కొట్టుకో."

నొక్కాను. లోపల అద్దం లేచింది, చీకటైంది, నేనూ కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపు మూసుకున్నానో, జ్ఞానేశ్వర్ వచ్చి వెనక తెరలోకి తొంగి చూసేదాకా మూసుకునే ఉన్నాను. "కదిలింది మేడం, అవ్వ మొగం అలికినట్టుండాది, ఇంకొకటి తీయండి," అన్నాడు. వద్దప్పా, ఇదే చాలు, దీన్నే ఇచ్చెయ్, అన్నాను. కెమెరా ఇంకా మొహానికి అడ్డంగానే ఉంది. కంతలోంచి చూస్తే అమ్మ నల్లకళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకోలేదు, ఒళ్ళోనే ఉన్నాయి. చేతులు దించడానికి భయమేసింది. దించాను. ఇంకా చూస్తూనే ఉంది.